ఎండల ఊరికి మనుషులు ఎందుకు వస్తరు?



మన గోడపత్రికలో ఈ నెల భూగోళం పాఠం రాసే వంతు నాకు వచ్చింది. పటం చూసి నాలుగు ఊర్ల పేర్లు రాస్తే సరిపోతుందని అనుకున్న. కానీ లైబ్రరీలో ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే ఒక బొమ్మ కనబడ్డది. నీలం రంగు నీళ్ల కొలను, చుట్టూ మన ఈత చెట్ల లెక్క పొడుగు చెట్లు, వెనుక గడ్డిపోచ లేని గుట్ట. కింద పామ్ స్ప్రింగ్స్ అని, అమెరికాలోని ఎడారి విహార పట్టణం అని రాసి ఉన్నది. నాకు నవ్వొచ్చింది. పైసలు పెట్టుకొని సరదాకు ఎవరన్న ఎడారికి పోతరా?

బొమ్మ తీసుకపోయి సోషల్ సార్‌కు చూపిస్తే సార్ నవ్వలేదు. "మరి మన పక్కన గోదావరిఖనికి ఎందుకు వస్తున్నరు? మే నెలల అక్కడ పగటిపూట బయట కాలు పెట్టగలవా? ముందు అది రాయి, తర్వాత ఇది రాయి" అన్నరు.

ఇదే మాట మా అవ్వ కూడా అడిగింది. పది పాసైతే ఇంటర్ గోదావరిఖనిలో చదువు, మా దగ్గర ఉండు అని మా చిన్నాయన అంటున్నడు. అవ్వ మాత్రం "ఆ ఎండల ఊర్ల ఏమున్నదని పోతవు బిడ్డా?" అన్నది. అప్పుడు నాకు జవాబు రాలేదు. ఇప్పుడు వెతికి రాస్తున్న.

1. ఎండ సంగతి

రాత్రిపూట మన హాస్టల్ మెట్ల మీద నిలబడి చూస్తే దూరంగా పొగగొట్టాల మీద ఎర్ర లైట్లు కనబడతాయి కదా, అటువైపే రామగుండం, గోదావరిఖని ఉన్నవి. పెద్దపల్లి జిల్లా, గోదావరి ఒడ్డు. 2011 జనాభా లెక్కల ప్రకారం రామగుండం పట్టణంలో సుమారు 2 లక్షల 29 వేల మంది ఉన్నారు. గోదావరిఖని ఆ పట్టణంలో భాగమే.

మన రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసే చోట్లలో రామగుండం ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. దీనికి కారణాలు ఉన్నాయి. ఒకటి, ఇది సముద్రానికి చాలా దూరం. సముద్రపు గాలి ఇక్కడిదాక రాదు. రెండు, ఎండాకాలంలో ఇక్కడి గాలిలో తేమ తక్కువ, మబ్బులు కూడా తక్కువ. మూడు, బొగ్గు తవ్విన చోట చెట్లు ఉండవు. నల్లటి వస్తువు వేడిని ఎక్కువగా పీల్చుకుంటుంది.

మూడోది నిజమో కాదో నేను, నా దోస్తు కలిసి చూసినం. రెండు పళ్లాలు తీసుకొని ఒకదాంట్ల బొగ్గుపొడి, ఇంకోదాంట్ల తెల్ల ఇసుక పోసి ఒంటిగంట ఎండల పెట్టినం. అరగంట అయినంక ఇసుక మీద చెయ్యి పెడితే కాలింది. బొగ్గుపొడి మీద చెయ్యి ఆగనే లేదు. మీరు కూడా చేసి చూడండి, కానీ చెయ్యి ఎక్కువసేపు పెట్టకండి.

అయితే గోదావరిఖని ఎడారి కాదు. సంవత్సరానికి 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే చోటును సాధారణంగా ఎడారి అంటారు. మన దగ్గర సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కానీ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ దాక నాలుగు నెలల్లోనే పడిపోతుంది. అందుకే మే నెలలో చూస్తే ఎడారి లెక్కనే అనిపిస్తది.

2. చూడ వచ్చేవాళ్లు

ఇంత ఎండల ఊరికి చూడ వచ్చేవాళ్లు ఉంటరా అంటే ఉంటరు.

అందరికంటే ఎక్కువ మంది వచ్చేది సమ్మక్క సారలమ్మ జాతరకు. రెండేండ్లకు ఒకసారి మాఘ పున్నమి దగ్గర గోదావరి ఒడ్డున గద్దెల దగ్గర జాతర జరుగుతుంది. మేడారం దాక పోలేని వాళ్లు ఇక్కడికి వస్తరు. ఎత్తు బెల్లం జోకి అమ్మవార్లకు ఇస్తరు. బెల్లాన్ని బంగారం అనే అంటరు. సమ్మక్క, సారలమ్మ మన కోయోళ్ల తల్లులు. బొగ్గు ఊరి మనుషులు, ఏ కులమోళ్లయినా, వాళ్ల ముందు చేతులు జోడిస్తుంటే నేను చిన్నప్పుడు చూసిన. ఆ రోజు ఆ ఊరు నాకు పరాయి ఊరు అనిపించలేదు.

తర్వాత రామగిరి ఖిల్లా. కమాన్‌పూర్, మంథని వైపు గుట్ట మీద ఉన్న పాత కోట ఇది. గుట్ట మీద మందు చెట్లు ఉంటాయని వృక్షశాస్త్రం చదివే పిల్లలు కూడా వస్తారు. వానాకాలంలో సబ్బితం జలపాతం చూడ వస్తరు.

ఇంకొకటి కొత్తది. 2022 చివర్లో ఆర్టీసీ వాళ్లు సింగరేణి దర్శన్ అని గోదావరిఖని నుంచి ఒక బస్సు మొదలుపెట్టినరు. పైసలు కట్టి బొగ్గు ఎట్లా తీస్తరో, కరెంటు ఎట్లా పుడతదో చూడటానికి అన్నమాట. మన ఇండ్లళ్ల మనుషులు పొట్టకూటికి దిగే చోటుకు మందికి టికెట్టు పెట్టినరా అని మా చిన్నాయన ఆశ్చర్యపోయిండు.

ఎన్టీపీసీ జలాశయంలో నీళ్ల మీద తేలే సోలార్ పలకలు కూడా చూడదగ్గవి. 100 మెగావాట్ల కరెంటు తయారు చేసే ఈ కేంద్రం 2022 జూలైలో పూర్తిగా మొదలైంది. దీనికి రెండు లాభాలు. భూమి పోదు. పలకల నీడ పడటం వల్ల జలాశయంలో నీళ్లు తక్కువ ఆవిరి అవుతాయి. ఎండను ఎండతోనే కొట్టడం అంటే ఇదే కావచ్చు.

ఇవన్నీ రాసినంక నాకొకటి తెలిసింది. చూడ వచ్చేవాళ్లు వానాకాలం, చలికాలం చూసుకొని వస్తరు. మే నెలలో ఎవరూ రారు. కాబట్టి ఒక ఊరు ఎట్లాంటిదో వాళ్లను అడిగితే సగమే తెలుస్తది. మిగతా సగం మే నెలలో కూడా ఉండేవాళ్లను అడగాలి.

3. ఉండేవాళ్లు

ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటరు. ఆరో తరగతిలో కొత్తగా వచ్చినప్పుడు "మా నాయన బాయిల పని చేస్తడు" అని ఒక అమ్మాయి చెప్తే నీళ్ల బాయి అనుకున్న. అందరూ నవ్విండ్రు.

తెలంగాణలో బొగ్గు ఉన్నదని 1871లో ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనుక్కున్నాడు. సింగరేణి కాలరీస్ అనే పేరు 1920లో వచ్చింది. ఇప్పుడు ఈ కంపెనీలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. రామగుండం దగ్గర బాయిలు 1960ల మొదట్లో మొదలైనయి. గోదావరి పక్కన ఖని కాబట్టి గోదావరిఖని అని పేరు. అంటే బొగ్గు లేకపోతే ఈ పేరు కూడా లేదు. తర్వాత ఎన్టీపీసీకి 1978లో పునాదిరాయి పడ్డది. ఎరువుల కార్ఖానా వచ్చింది. చుట్టుపక్కల జిల్లాల పల్లెల నుంచి మనుషులు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినరు.

పని ఎట్లా మనుషులను పిలుస్తదో, పని పోతే అట్లనే పంపిస్తది. ఎరువుల కార్ఖానా 1999లో మూతపడ్డది. మళ్లీ కొత్త పేరుతో, కొత్త యంత్రాలతో 2021లో ఎరువులు తీయడం మొదలైంది. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. భూమి లోపలి బాయిలు తగ్గి, పైనుంచి మట్టి తీసి తవ్వే ఓపెన్‌కాస్టులు పెరిగినయి. వాటిల్లో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ.

మా చిన్నాయన మట్టి మోసే లారీ నడుపుతడు. కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు కింద. అందుకని క్వార్టరు లేదు, కిరాయి రేకుల ఇల్లు. పోయిన ఎండాకాలం సెలవుల్లో నేను వారం రోజులు అక్కడ ఉన్న. పొద్దున పదింటికే రేకులు కాలుతయి. చిన్నమ్మ పాత చీర తడిపి దర్వాజకు కడుతది. గాలి దాంట్లనుంచి వచ్చి కొంచెం చల్లగ అయితది. అది ఆరినంక మళ్లీ తడుపుతది. నీళ్ల కోసం పొద్దున్నే లేచి బిందెలు నింపి పెట్టుకుంటది.

దీంట్లో సైన్సు ఉన్నది. నీళ్లు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని గాలి నుంచి తీసుకుంటాయి, అందుకే గాలి చల్లబడుతుంది. కూలర్ పనిచేసేది కూడా ఇట్లనే. గాలి పొడిగా ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది. మన చెమట కూడా ఇదే పని చేస్తుంది. కానీ బాయి లోపల గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకనే గనుల నియమాల్లో, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 33.5 డిగ్రీలు దాటకూడదని రాసి ఉన్నది. పెద్ద ఫ్యాన్లతో లోపలికి గాలి పంపిస్తరు.

ఇక్కడ నీళ్ల సంగతి కూడా చెప్పాలి. 2019లో సుందిళ్ల బ్యారేజీ కట్టినంక గోదావరిఖని దగ్గర ఏరు నిండుగా కనబడ్డది. జనం సాయంత్రం బ్రిడ్జి దగ్గరికి చల్లగాలికి పోయేవాళ్లు. 2023 అక్టోబర్‌లో కింద మేడిగడ్డ దగ్గర పియర్లు కుంగినయి. ఆ తర్వాత బ్యారేజీల్లో నీళ్లు ఆపకుండా వదిలేసినరు. నీళ్లు ఉంటే జనం వచ్చినరు, నీళ్లు పోతే రాలేదు. పైన నీళ్ల కోసం ఇంత తండ్లాట. కానీ 2003 జూన్ 16న ఇదే ఊర్ల 7 ఎల్‌ఈపీ బాయిల ఒక్కసారి నీళ్లు వచ్చి 17 మంది కార్మికులు చనిపోయినరు. పైన నీళ్లు లేకపోతే కష్టం, కింద నీళ్లు వస్తే ప్రాణం. ఈ ఊర్ల ఉండేవాళ్లకు ఈ రెండూ తెలుసు.

నేను చిన్నమ్మను అడిగిన, "ఇంత ఎండల ఎందుకుంటరు, గూడెం రారాదు? అక్కడ ఇప్పచెట్ల కింద నీడ ఉన్నది కదా" అని. చిన్నమ్మ దర్వాజ చీర తడుపుకుంటనే "నీడ ఉన్నది గని నీడను వండుకొని తినలేం కదా బిడ్డా" అన్నది. మళ్లీ కొద్దిసేపటికి "ఇక్కడ తమ్ముడు బడికి పోతున్నడు. రాత్రి జ్వరమొస్తే దవాఖాన ఉన్నది. పక్కింటోళ్లు కూడా మన తీర్గ వచ్చినోళ్లే" అన్నది.

సార్ అడిగిన ప్రశ్నకు సగం జవాబు చిన్నమ్మ దగ్గరే దొరికింది.

4. ఎడారి ఊరు కథ

ఇప్పుడు బొమ్మలో ఊరికి వద్దాం. పామ్ స్ప్రింగ్స్ అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉన్నది. ఇది నిజంగా ఎడారి. సంవత్సరానికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. పక్కనే శాన్ జసింటో అనే 3300 మీటర్ల ఎత్తు కొండ ఉన్నది. సముద్రం నుంచి వచ్చే మబ్బులు కొండకు అటువైపే వాన కురిసి, ఇటువైపు ఉత్త గాలి వస్తుంది. మన పాఠంలో చదివిన వర్షచ్ఛాయ ప్రాంతం ఇదే. 2024 జూలై 5న అక్కడ 51 డిగ్రీలు దాటింది.

మరి ఎందుకు పోతరు? అక్కడ కూడా చలికాలం చూసుకొనే పోతరు. అప్పుడు ఇరవై డిగ్రీల దగ్గర ఉంటది, ఆకాశం నిర్మలంగా ఉంటది. ఊరి కింద వేడినీళ్ల ఊట ఉన్నది. దగ్గర లోయల్లో వాగులు, వాటి పక్కన తాటిజాతి చెట్లు. 1920ల తర్వాత సినిమావాళ్లు రావడంతో పెద్ద పెద్ద హోటళ్లు వచ్చినయి.

ఇంకా చదివితే నేను అనుకోనిది తెలిసింది. ఆ నేల ఆదివాసులది! వాళ్ల పేరు కహుయిల్లా. ఆ ఊట దగ్గర ఉండే వాళ్లను అగువా కాలియెంటే అంటారు. స్పానిష్ భాషలో ఆ మాటకు వేడినీళ్లు అని అర్థం. హోటళ్లు లేని రోజుల్లో కూడా వాళ్లు ఆ ఎడారిలో బతికినరు. ఎండాకాలం వస్తే చల్లటి లోయల్లోకి పోయేవాళ్లు. అంటే ఆ ఊరి సుఖం మొదట కనిపెట్టింది వాళ్లే.

1876లో అమెరికా ప్రభుత్వం అక్కడ వాళ్ల కోసం కొంత భూమి కేటాయించింది. కానీ ఎట్లా? నేలను చదరంగం పలక లెక్క మైలుకు మైలు గళ్లు చేసి, ఒక గడి రైలు కంపెనీకి, పక్క గడి ఆదివాసులకు. ఆదివాసుల గళ్లలో ఒకటి, పద్నాలుగో నంబరుది, సరిగ్గా ఊరి నడుమ పడ్డది. హోటళ్లలో వంట చేసేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, ఇండ్లు కట్టేవాళ్లు ఆ గడిలో తక్కువ కిరాయికి చిన్న ఇండ్లలో ఉండేవాళ్లు. వాళ్లలో నల్లజాతి వాళ్లు, మెక్సికో వైపు వాళ్లు ఎక్కువ. 1950లు, 60లలో వాళ్ల ఇండ్లను కూలగొట్టి, కాలబెట్టి, వాళ్లను వెళ్లగొట్టినరు. చూడ వచ్చేవాళ్ల కోసం ఊరును అందంగా పెట్టినవాళ్లకే ఊర్ల చోటు లేకుండా పోయింది. 2021లో ఆ నగరపాలక సంస్థ క్షమాపణ చెప్పింది. 2024లో నష్టపరిహారం ఇవ్వడానికి ఒప్పుకున్నది.

ఆదివాసుల మాట ఏమైంది? 1950లలో వాళ్ల కౌన్సిల్‌లో అందరూ ఆడవాళ్లే! వయోలా ఒలింజర్ అనే ఆమె అధ్యక్షురాలు. తమ భూమిని అమ్మకుండానే ఎక్కువ కాలం కౌలుకు ఇచ్చుకునే హక్కు కోసం వాళ్లు కొట్లాడినరు. 1959లో ఆ చట్టం వచ్చింది, 99 ఏండ్ల దాక కౌలుకు ఇవ్వవచ్చు. ఇప్పుడు ఆ లోయలు చూడాలంటే ఆదివాసుల దగ్గరే టికెట్టు కొనాలి. భూమి కింది నీళ్ల మీద కూడా వాళ్లకు హక్కు ఉన్నదని 2017లో కోర్టు చెప్పింది. 2023లో ఆ ఊట దగ్గరే వాళ్ల సొంత స్నానశాల, మ్యూజియం తెరిచినరు.

ఇది చదివినంక ఆ బొమ్మ మళ్లీ చూసిన. నీలం నీళ్లు అట్లనే ఉన్నయి, కానీ నాకు నవ్వు రాలేదు.

5. నాకు అర్థమైంది

రెండు ఊర్లను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎండల ఊరికి మనుషులను తెచ్చేవి నాలుగు: నీళ్లు, నీడ, పని, తనవాళ్లు. చూడ వచ్చేవాళ్లకు మొదటి రెండు చాలు, అవి కూడా నాలుగు రోజులకే. ఉండేవాళ్లకు నాలుగూ కావాలి, పన్నెండు నెలలూ కావాలి.

ఒక ఊరు మంచిదా కాదా అని తెలుసుకోవాలంటే మే నెలలో పగలు ఒంటిగంటకు చూడాలి. ఆ ఊరిని నడిపే మనుషులకు అప్పుడు నీడ ఉన్నదా, బిందెడు నీళ్లు ఉన్నయా అని చూడాలి. గోదావరిఖనిలో మట్టి గుట్టల మీద మొక్కలు పెడుతున్నరు, అది మంచిదే. రేకుల ఇండ్ల ముంగట కూడా పెడితే ఇంకా మంచిది. వేపచెట్టుకు క్వార్టరు, కిరాయి ఇల్లు అని తేడా తెల్వదు.

ఇంకొక మాట. గోదావరిఖని షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు. మా గూడెం ఉన్నది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి వేరేవాళ్ల చేతికి పోకుండా 1970లో వచ్చిన 1/70 చట్టం ఉన్నది. అక్కడ ప్రైవేటు కంపెనీలకు గనులు కౌలుకు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఎడారి ఆదివాసులు కౌన్సిల్‌లో కూర్చొని కాగితం చదివినరు కాబట్టే ఊట వాళ్లకు మిగిలింది. మన గూడెంలో కూడా కాగితం చదివేవాళ్లు ఉండాలి.

అందుకని అవ్వకు నా జవాబు ఇది. ఆ ఎండల ఊర్ల కాలేజీ ఉన్నది, చిన్నమ్మ ఉన్నది. నేను రెండేండ్లు చదువుకొని వస్త. ఉండిపోవుడు గురించి అప్పుడు మాట్లాడుకుందాం. అవ్వకు చదువు రాదు కాబట్టి దసరా సెలవులకు పోయినప్పుడు ఈ పాఠం నేనే చదివి వినిపిస్త.

మీకు కొన్ని ప్రశ్నలు (జవాబులు కింద ఖాళీ కాగితం మీద రాయండి):

1. వర్షచ్ఛాయ ప్రాంతం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ రాయండి.
2. కూలర్ బయట పనిచేసినంత బాగా బాయి లోపల ఎందుకు పనిచేయదు?
3. నీళ్ల మీద సోలార్ పలకలు పెడితే రెండు లాభాలు ఏవి?
4. మీ ఊరికి చూడ వచ్చేవాళ్లకు ఏమి చూపిస్తరు? వాళ్లకు చూపించనిది ఏమున్నది?

నాలుగో ప్రశ్నకు పుస్తకంలో జవాబు దొరకదు. మీరే రాయాలి.

రాతలో తప్పులు ఉంటే పెద్ద మనసుతో క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని